చిల్లరన్న కత్తులు

ఆ ఆదివారం కూడా కండక్టరు రాలేదు.

పాత సామాన్ల సంత వంతెన కింద మొదలై, మూతపడిన నూలుమిల్లు గోడ వెంట సాగుతుంది. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే ఆయన ఆ గోడ పక్కనే టీ బండి దగ్గర, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి రెండు టీలూ తాగేశాడు. మొదటిది తనది. రెండోది కండక్టరు కోసం చెప్పింది. రాని మనిషి టీ చల్లారిపోతుంటే చూస్తూ ఊరుకోలేక తాగాడు.

"మీ జోడీ ఏడండీ? ఈమధ్య బొత్తిగా నల్లపూసైపోయాడు," అన్నాడు టీ బండి అతను.

"వస్తాడు," అన్నాడు అద్దాలాయన. పోయినవారమూ అదే మాట అన్నాడు. అంతకు ముందు వారాల్లోనూ అదే.

ఇద్దరికీ ఉన్న పిచ్చి ఒకటే, మడతచాకులు. కోసే అలుగు పిడిలోకి ముడుచుకుని జేబులో ఇమిడిపోయే కత్తులు, అవీ పాతవి. తోటల్లో కొమ్మలు కత్తిరించడానికి కొక్కెంలా మొన వంచినవి, పడవవాళ్లు తాడుకి కట్టుకునేందుకు కింద రింగు ఉన్నవి, కలం చెక్కుకోవడానికి చిటికెనవేలంత అలుగుతో చేసినవి. అద్దాలాయన సంతకి ఈ చివర నుంచి, కండక్టరు ఆ చివర నుంచి వెతుక్కుంటూ వచ్చి టీ బండి దగ్గర కలుసుకునేవారు. దొరికింది దొరికినట్టు జేబులోంచి తీసి చేతులు మార్చుకునేవారు. అద్దాలాయనకి వాడకం పడనివి ఇష్టం. పిడికీ అలుగుకీ మధ్య వెంట్రుక దూరనంత బిగువుగా ఉండాలి. కండక్టరుకి అరిగిపోయినవే కావాలి. "ఇది చూడు తమ్ముడూ, సానబట్టి సానబట్టి ఈనుపుల్లంత చేశాడు. ఎవడో దీనితో ఒక సంసారం ఈదాడు," అనేవాడు. ఆ వాదన ఎన్నేళ్లయినా తెగలేదు. పేర్లూ ఇళ్లూ అడగాలని ఇద్దరికీ తోచలేదు. అన్నా అంటే తమ్ముడూ అని పలికేవాడు, అంతటితో సరిపోయింది.

గ్లాసు పెట్టేసి నడుస్తుంటే గోడ మలుపులో గరగరమని ఇనుము గీసిన చప్పుడు వినిపించింది. ఇనప సామాన్లమ్మే పెద్దమ్మ పట్టా మీద కూర్చుని, గరుకు కాగితంతో ఒక చాకు అలుగుని పరపరా రుద్దుతోంది. ఆవిడ పక్కన రుద్దినవి కొన్ని తళతళలాడుతున్నాయి. రుద్దవలసినవి ఇంకా చాలా కుప్పగా ఉన్నాయి.

కుప్పలో పైనున్నదాన్ని చూడగానే అద్దాలాయన ఆగిపోయాడు. దున్నకొమ్ము పిడి, కండక్టరుది. ఒకప్పుడు దాని చీల ఊడిపోతే కళ్లజోడు స్క్రూ వేసి బిగించింది తనే.

"ఏం చేస్తున్నావు పెద్దమ్మా! ఆపు!"

"మెరవకపోతే ఎవరు కొంటారు బాబూ?"

ఆయన గబుక్కున చతికిలబడి ఆవిడ చేతిలోది లాక్కున్నంత పని చేశాడు. ఏళ్ల తరబడి ఉక్కు మీద పట్టిన నీలినలుపు రంగు సగం పోయింది. దాని మీద అడ్డదిడ్డంగా తెల్లటి గీతలు. ఇంకోదాని స్ప్రింగు బిగుసుకుందని పట్టకారుతో పీకినట్టున్నారు, అలుగు మీద పళ్లగుర్తులు పడ్డాయి.

"ఎక్కడివి ఇవి?"

"ఎవరో అబ్బాయి బిస్కెట్ల డబ్బాలో తెచ్చిచ్చాడు. వాళ్ల నాన్నవట."

"ఆ నాన్న... ఏమయ్యాడట?"

"ఏమో మరి. బతికున్నవాళ్లు ఇలాంటివి వదులుకుంటారా? నా దగ్గరికొచ్చేవన్నీ పోయినోళ్ల సామాన్లే." ఆకాశం మబ్బు పట్టిందని చెప్పినట్టు చెప్పి, ఆవిడ గరుకు కాగితం ఇంకో మడత పెట్టుకుంది.

"అన్నీ ఇచ్చెయ్," అన్నాడాయన. ధర చెబితే మారుమాట్లాడకుండా ఇచ్చాడు. బేరమాడని మనిషిని చూసి పెద్దమ్మకి గుబులు పుట్టింది.

"వీటిల్లో బంగారం గానీ ఉందా బాబూ?" అంది.

ఆయన కత్తులన్నీ ఆ బిస్కెట్ల డబ్బాలో సర్దుకున్నాడు. డబ్బా చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. దారి పొడుగునా ఆ గీతలే కళ్లముందు కదిలాయి. మంచి ఉక్కు, చేతులారా పాడుచేశారు అని పళ్లు నూరుకున్నాడు. గదికి వెళ్లి, తాళం తీసి, డబ్బా బల్లమీద పెట్టాక గానీ ఆ కత్తుల మనిషి ఇక లేడన్న సంగతి ఆయన లోపలికి దిగలేదు. దిగాక మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయాడు.

*

సోమవారం నుంచి షాపు అవగానే తిన్నగా గదికి వచ్చి కత్తుల ముందు కూర్చునేవాడు.

షాపులో ఆయన పనంతా వెనకగదిలోనే. తిరిగే సానచక్రం మీద నీటిబొట్లు పడుతుంటాయి. ఫ్రేముకి సరిపడా అద్దం అంచుని ఆ చక్రానికి ఆనించి, వెలుతురులో చూసుకుని, మళ్లీ ఆనించి, రోజంతా అలాగే. గోళ్లలో తెల్లటి గాజుబురద ఎప్పుడూ ఉంటుంది. ముందుగదిలోకి వచ్చే మనుషులు ఆయనకి కళ్లజోళ్లుగానే తెలుసు. కొత్త అద్దాల్లోంచి ఎవరు ఏం చూసి సంతోషపడ్డారో ఆయన చూసింది లేదు.

గదిలో ఆయన ముందు చిన్న గుడ్డముక్కలు పరిచాడు. గాడిలో పేరుకున్న ఇసుకని నూనెలో తడిపిన దారంతో లాగాడు. పుల్ల చివర దూది చుట్టి చీల చుట్టూ తుడిచాడు. గరుకు గీతల్ని అద్దాలకి వాడే మెత్తటి పొడితో, వేలికొసతో, ఒకే వైపుకి రుద్దాడు. పోయిన రంగు మళ్లీ రాదు. అది మనిషి చెయ్యి తగిలి తగిలి, పళ్ల రసం అంటి, తడీ పొడీ ఎరిగి వచ్చిన రంగు. అయినా గీతలైనా పోనీ అని రుద్దాడు. ఇత్తడి పిడిది తీస్తే, దాన్ని కొన్న రోజున కండక్టరు బస్సుల్లో దొంగల గురించి చెప్పి నవ్వించిన సంగతి గుర్తొచ్చింది. ఎముక పిడిది తీస్తే, దానికోసం ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపి, "నువ్వు తీసుకో" అంటే "నువ్వు తీసుకో" అనుకుంటుండగా మూడోవాడెవడో ఎగరేసుకుపోబోయిన సంగతి గుర్తొచ్చి, ఒక్కడే ఫక్కున నవ్వాడు. ఖాళీ గదిలో ఆ నవ్వు ఆయనకే ఎబ్బెట్టుగా వినిపించింది.

మధ్యలో అక్క ఫోను చేసింది.

"ఏం చేస్తున్నావురా?"

"కత్తులు తుడుస్తున్నా."

"ఇంకేం, సంసారం చక్కబెడుతున్నావన్నమాట. తిన్నావా?"

"తెలిసినాయన పోయాడక్కా."

"ఎవరు?"

"కండక్టరు."

"ఏ కండక్టరు? నాకెప్పుడూ చెప్పలేదే."

నిజమే, చెప్పలేదు. అక్కకేమిటి, ఎవరికీ చెప్పలేదు. ఆదివారాల్లో ఒక మనిషి ఉన్నాడని చెప్పుకోవలసిన సంగతిగా ఎప్పుడూ అనిపించలేదు.

"సంతలో కలిసేవాడు. మంచివాడు."

"అయ్యో. ఇంటికెళ్లి పలకరించొచ్చావా?"

"ఇల్లెక్కడో తెలీదు."

అటువైపు అక్క గొంతు తగ్గించి అంది: "చిన్నప్పణ్ణుంచీ అంతేరా నువ్వు. వస్తువుతో ఎంతసేపైనా మాట్లాడతావు, మనిషి గడప తొక్కాలంటే మాత్రం నీకు జ్వరం వస్తుంది. వెతుక్కుంటూ వెళ్లు. వాళ్ల వస్తువులు వాళ్లకిచ్చి, రెండు మంచి మాటలు చెప్పి రా. పోయినవాళ్లకి కాదు, ఉన్నవాళ్లకి."

*

గురువారం బస్సు డిపోకి వెళ్లాడు. షెడ్డు పక్కన రేకుల క్యాంటీనులో డ్యూటీ దిగినవాళ్లు బల్లల మీద సంచులు పెట్టుకుని కూర్చున్నారు.

"ఒకాయన కోసం వచ్చానండీ. రిటైరైన కండక్టరు."

"పేరు?"

"తెలీదు. పొడుగ్గా ఉంటాడు. జోకులేస్తాడు. ప్రతిదానికీ రైట్ రైట్ అంటాడు."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. "రైట్ రైట్ అనని కండక్టరుంటే చెప్పండి, మేమూ చూసొస్తాం," అన్నాడొకడు.

అద్దాలాయనకి చెవులు వేడెక్కాయి. వెళ్లిపోదామని కాలు వెనక్కి పడింది కూడా. సంచిలోంచి దున్నకొమ్ము పిడి చాకు తీసి బల్లమీద పెట్టాడు. "ఇలాంటివి ఏరుకునేవాడు."

"ఓరి, చిల్లరన్న!" అన్నాడు మూలనున్న ముసలి డ్రైవరు. "ఆ పేరు చెప్పరేమండీ! చిల్లర లేదనే మాట ఎరగడు. జేబునిండా నాణేలే, అడుగున ఒక చాకు. నా బండిలోనే ఎన్నేళ్లు చేశాడో." అద్దాలాయన ఇంకా ఏదో అడగబోయేలోగా బయట హారన్ మోగింది. డ్రైవరు సంచి భుజాన వేసుకుంటూనే దారి చెప్పాడు. నీళ్ల ట్యాంకు దాటాక మెషిన్లతో బట్టలు కుట్టే ఫ్యాక్టరీ, దాని వెనక సందు, ఆకుపచ్చ తలుపు.

"పోయాడని తెలిసింది," అందామనుకున్నాడు అద్దాలాయన. అప్పటికే డ్రైవరు బండెక్కేశాడు.

*

శనివారం సాయంత్రం షాపాయనకి చెప్పి కాస్త ముందే బయటపడ్డాడు. బస్సులో కూర్చుని మనసులో మాటలు కూడబలుక్కున్నాడు. మీ నాన్నగారు చాలా మంచివారు. ఆయనవి ఇవి. నా దగ్గరుండటం న్యాయం కాదు. అంతే చెప్పాలి, ఎక్కువసేపు కూర్చోకూడదు.

తలుపు తీసింది కండక్టరు కోడలు. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, జుట్టుకి నూలుపోగులు అంటుకుని ఉన్నాయి. చంకలో ఏడాది పాప.

"పెద్దాయన సంగతి తెలిసిందమ్మా. చాలా బాధేసింది."

"ఏం చేస్తామండీ, మన చేతుల్లో ఏముంది. లోపలికి రండి," అందావిడ.

గడప దాటాక ఆయన కళ్లు ఫోటో కోసం గోడ మీద వెతికాయి. గోడకి క్యాలెండరు తప్ప ఏమీ లేదు. దాని కింద, కుర్చీలో, ఒడిలో దిండు పెట్టుకుని, కుడిచెయ్యి ఆ దిండు మీద ఆనించి, కండక్టరు కూర్చుని ఉన్నాడు.

అద్దాలాయన చంకలోని డబ్బా జారి నేలమీద పడింది. పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"ఇన్నాళ్లు పట్టిందేం తమ్ముడూ, ఈ స్టాపు చేరడానికి?" అన్నాడు కండక్టరు. మాట కొంచెం ముద్దగా వస్తోంది. నవ్వు మొహంలో ఒక పక్కకే వచ్చి ఆగింది.

"నువ్వు... పోయావనుకున్నానన్నా."

"ఎవరు చెప్పారు?"

"ఇనప సామాన్ల పెద్దమ్మ."

"ఆవిడ డాక్టరు కూడానా!" కండక్టరు నవ్వబోయి దగ్గాడు. కోడలు బిత్తరపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. లోపల్నుంచి కొడుకు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, నేలమీది డబ్బాని గుర్తుపట్టి అక్కడే ఆగిపోయాడు.

"చెప్పావా ఆవిడకి, అడ్రసు?" అన్నాడు కండక్టరు కొడుకుతో.

"చెప్పాననే అనుకున్నా నాన్నా... బండి రోడ్డుకడ్డంగా పెట్టి వచ్చా, వెనక హారన్లు. ఇచ్చేసి వచ్చేశా." కొడుకు తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

అప్పుడు కండక్టరు నెమ్మదిగా, మాట మాటకీ ఆగుతూ చెప్పాడు. ఒకరోజు పొద్దున లేవబోతే కుడికాలు, కుడిచెయ్యి మాట వినలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక మొదట గుర్తొచ్చింది ఆదివారం. కబురు పంపుదామంటే ఈ తమ్ముడిది ఏ షాపో తెలీదు. కొడుకుని రెండు మూడు కళ్లజోళ్ల షాపులకి పంపాడు. అద్దాలు అరగదీసే తమ్ముడు కావాలంటే వాళ్లు తిక్కవాణ్ణి చూసినట్టు చూశారు. ఆ పైన కొడుక్కి తీరిక లేదు. "అప్పుడనుకున్నా, నన్ను గుర్తుపట్టకపోయినా ఈ కత్తుల్ని నువ్వు ఎక్కడున్నా గుర్తుపడతావని. సంతలో పడేస్తే నీ కంట పడకుండా పోవు. ఆవిడకి ఇంటి గుర్తులు చెప్పి రమ్మన్నా. ఇదీ జరిగింది."

అద్దాలాయనకి ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. ఈ వారమంతా ఆయన తిన్న తిండి తిండి కాదు. "మనిషిని పంపాలిగానీ కత్తుల్ని పంపుతారా ఎవరైనా? గరుకు కాగితంతో రుద్దేసింది అన్నింటినీ!"

"ఏడ్చావా?"

"ఏడ్చాను."

"కత్తుల్ని చూసా, నా కోసమా?"

అద్దాలాయన తల దించుకున్నాడు. "ముందు కత్తుల్ని చూసే."

కండక్టరు ఈసారి నిజంగా నవ్వాడు, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. "రైట్. అదీ మా తమ్ముడంటే."

డబ్బా తెరిచారు. కండక్టరు ఎడంచేత్తో ఒక్కొక్కటీ ఎత్తి, వెలుతురుకి తిప్పి చూసి పెట్టాడు. ఈనుపుల్లలాంటి అలుగున్నదాన్ని మాత్రం పెట్టలేదు. బొటనవేలి గోరు గాడిలో దూర్చి తెరవబోయాడు. పిడిని పట్టుకునే రెండో చెయ్యి లేదు. మోకాళ్ల మధ్య ఇరికించాడు, జారిపోయింది. అద్దాలాయన చెయ్యి ముందుకొచ్చి, తెరవడానికి కాదు, పిడిని మాత్రం కదలకుండా పట్టుకుంది. కండక్టరు గోటితో లాగాడు. అలుగు బయటికొచ్చి నిలబడింది. ఇద్దరూ దానివంక చూశారు.

"ముడిచెయ్యి. అన్నీ నువ్వే తీసుకుపో," అన్నాడు కండక్టరు కాసేపటికి. "ఇంట్లో పాప పాకుతోంది. నాకా, రెండు చేతులూ లేనిదే పనికిరాని సరుకు. నీ దగ్గరుంటే తిండి లేకపోయినా నూనైనా తాగుతాయి."

తర్వాత మాటల మధ్యలోనే ఆయన కళ్లు మూతపడ్డాయి. అద్దాలాయన చప్పుడు కాకుండా లేచాడు. కోడలు గుమ్మందాకా వచ్చింది.

"మీరు వచ్చాక మాట్లాడినన్ని మాటలు ఈ మధ్య ఎప్పుడూ మాట్లాడలేదండీ మామయ్యగారు," అంది. "మళ్లీ ఎప్పుడొస్తారు?"

"ఆదివారం వస్తానమ్మా."

ఆవిడ చీర కొంగు అంచు వేలికి చుట్టి విప్పింది. "ఆదివారం మేమంతా ఉంటాం. మామయ్యగారికి కష్టం మిగతా రోజుల్లోనే. పొద్దున నేను ఫ్యాక్టరీకి, మా ఆయన బండి తోలడానికి, పాప మా అమ్మ దగ్గర. మామయ్యగారొక్కరే. బయట తాళం వేసి వెళతాం."

"తాళమా?"

"ఒకసారి తలుపు తీసుకుని సందులోకి వెళ్లి పడిపోయారండీ. సాయంత్రం దాకా ఎవరూ చూళ్లేదు." ఆవిడ లోపల కుర్చీ వైపు చూసింది. "మాకు మాత్రం ఇష్టమా చెప్పండి."

వెనకనుంచి కొడుకు వచ్చి, మేకుకి వేలాడుతున్న రెండు తాళంచెవుల్లో ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

*

సోమవారం మధ్యాహ్నం షాపు తలుపు వారగా వేసి అందరూ కునుకు తీసే వేళకి అద్దాలాయన బస్సెక్కాడు. అన్నం డబ్బా వెంట తెచ్చుకున్నాడు. చక్రం పక్కన కాక ఇంకోచోట తినడం ఆయనకి గుర్తున్నంతలో ఇదే మొదటిసారి.

సందులో ఎవరూ లేరు. ఆకుపచ్చ తలుపుకి తాళం వేలాడుతోంది. తీస్తుంటే పరాయి ఇంటికి కన్నం వేస్తున్నట్టనిపించింది.

"ఎవరది?" లోపల్నుంచి గొంతు బెదురుగా వచ్చింది.

"నేనేనన్నా."

తలుపు తోశాడు. కుర్చీ తలుపుకి ఎదురుగా జరిపి ఉంది. జరిపినంత మేరా నేలమీద గీతలు పడ్డాయి. ఒంటికాలితో తన్నుకుంటూ ఎంతసేపు జరిపాడో. పక్కన స్టూలు మీద మూతపెట్టిన పళ్లెం, మంచినీళ్ల సీసా. అద్దాలాయన లోపలికి వచ్చి తలుపు వెయ్యబోయాడు.

"వెయ్యకు తమ్ముడూ. కాసేపు అలా ఉండనీ."

ఆయన తలుపుని గోడకంటా తెరిచి, మూసుకుపోకుండా చెప్పు అడ్డం పెట్టి, గడప పక్కన కింద కూర్చున్నాడు. ఎండ లోపలికి వచ్చి కండక్టరు పాదాల మీద పడింది. ఎదురింటావిడ డాబా మీద దుప్పటి దులిపింది. సైకిలు మీద గ్యాసు బండ పోయింది. ఒక కుక్క వచ్చి గుమ్మంలోకి చూసి, పెద్దగా ఏమీ లేదని తేల్చుకుని వెళ్లిపోయింది. కండక్టరు ప్రతిదాన్నీ అది కనుమరుగయ్యేదాకా చూశాడు. అద్దాలాయన జేబులో చూపించడానికని తెచ్చిన చాకు ఉంది. తీయాలనిపించలేదు. పళ్లెంలోని అన్నం కలిపి అన్న చేతికందించి, తన డబ్బా తను తెరుచుకున్నాడు. తిన్నంతసేపూ ఇద్దరూ వీధినే చూశారు.

ఎండ పాదాల మీంచి గడప దాకా వెనక్కి జరిగింది. షాపు తెరిచే వేళయింది. అద్దాలాయన లేచి గిన్నెలు కడిగిపెట్టాడు. సీసాలో నీళ్లు నింపాడు. ఇంకా చెయ్యవలసింది ఒకటే మిగిలింది. ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక చెప్పు కాలికి తొడుక్కుంటూ వంగి అలాగే ఉండిపోయాడు.

"వెళ్లు, ఆలస్యమవుతుంది," అన్నాడు కండక్టరే. "తాళం వెయ్యడం మర్చిపోకు. నీ మీద మాట రాకూడదు."

"రేపు వస్తానన్నా."

"రైట్." కండక్టరు వీధి వంకే చూస్తున్నాడు. "వేసేటప్పుడు చప్పుడు కాకుండా వెయ్యి, ఏం? రోజూ పొద్దున్నే ఆ చప్పుడే..."

అద్దాలాయన తలుపు దగ్గరికి లాగాడు. తలుపు పక్కన సన్నటి ఖాళీలోంచి అన్న మొహం కనబడుతున్నంతసేపూ మెల్లగా లాగాడు. కొండీ తగిలించి, తాళాన్ని ఎడమ అరచేతిలో పొదివి పట్టుకుని, అద్దం అంచుని చక్రానికి ఆనించినంత నెమ్మదిగా వేళ్లతో నొక్కాడు. వేళ్ల మధ్య ఎక్కడో చిన్న కదలిక తెలిసింది. అంతే, పడింది.

చెవి తలుపుకి ఆనించాడు. లోపల ఏ అలికిడీ లేదు.

మెయిన్ రోడ్డు మీద ఆయన ఎక్కవలసిన బస్సు వచ్చి ఆగి, వెళ్లిపోయింది. ఆ చప్పుడు వినిపిస్తూనే ఉన్నా, తాళం మీంచి చెయ్యి తీయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.